తుప్పే ముద్దు... మెరుపు వద్దు!

నూటపాతికేళ్ల నాటి తుపాకీ. కర్రకు నెర్రెలు, ఇనుముకు తుప్పు. శుభ్రంగా తుడిచి తళతళలాడేలా చేస్తే ధర పెరుగుతుందా? పెరగదు... పడిపోతుంది! అమెరికాలో పాత లీవర్ తుపాకుల్ని పోగుచేసేవాళ్లది అదో వింత లోకం.

ఎడారి కొండల మధ్య ఓ చెట్టు. ఆ చెట్టుకు ఆనించి ఓ తుపాకీ. 'ఇప్పుడే వస్తా' అని ఎవరో పక్కకు వెళ్లినట్టు నిలబడి ఉంది. వెళ్లిన మనిషి మాత్రం తిరిగి రాలేదు. వందేళ్లు దాటినా రాలేదు!

2014 నవంబరులో సంగతిది. అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో గ్రేట్ బేసిన్ జాతీయ పార్కు ఉంది. అక్కడి పురావస్తు సిబ్బంది కొండవాలులో పాత కాలపు ఆనవాళ్ల కోసం వెతుకుతుంటే, జూనిపర్ చెట్టు దగ్గర కనిపించింది ఆ తుపాకీ. ఎండకు ఎండి, మంచుకు తడిసి కర్ర బూడిద రంగుకు తిరిగింది. గొట్టం నిండా తుప్పు. మడమ భాగం నాలుగైదు అంగుళాల మేర మట్టిలో కూరుకుపోయింది. చెట్టు మానూ తుపాకీ ఒకే రంగులోకి వచ్చేయడంతో ఇన్నేళ్లూ ఎవరి కంటా పడలేదు. దాని మీద చెక్కిన అక్షరాలూ అంకెలూ పట్టుకుని కూపీ లాగితే 'వించెస్టర్ మోడల్ 1873' రైఫిల్ అనీ, 1882లో తయారైందనీ తేలింది.

వెంటనే దాన్ని వయోమింగ్ రాష్ట్రంలోని కోడీ అనే చిన్న పట్టణానికి తీసుకెళ్లారు. అక్కడ తుపాకులకే ప్రత్యేకంగా ఓ మ్యూజియం ఉంది. లోపల తూటా ఉందేమోనని ఊళ్లోని ఆసుపత్రిలో తుపాకీకి ఎక్స్‌రే తీశారు! గొట్టం ఖాళీ. మడమలో పనిముట్లు దాచుకునే చిన్న అరలో మాత్రం ఒక తూటా దొరికింది. 1887-1911 మధ్య తయారైన రకం. అంటే చెట్టుకు ఆనించి పోయిన పెద్దమనిషి 1887 తర్వాతి వాడన్నమాట. అంతకుమించి ఆచూకీ లేదు.

తర్వాత మ్యూజియం నిపుణులు ఏం చేశారు? తుప్పు గీకలేదు. కర్ర మార్చలేదు. నూనె పట్టించి మెరిపించనూ లేదు. పగుళ్లు పెరగకుండా, పెచ్చులు ఊడకుండా జిగురు పెట్టి, ఉన్నదాన్ని ఉన్నట్టే పార్కుకు తిరిగి అప్పగించారు. పార్కువాళ్లు దాన్ని అలాగే ప్రదర్శనకు పెట్టారు.

పండగొస్తే ఇత్తడి బిందెకు చింతపండు పట్టించి, బంగారంలా మెరిపించేదాకా నిద్రపోని ఇళ్లు మనవి. పాత తుపాకులు పోగుచేసేవాళ్ల దగ్గర ఈ మాటంటే గుండె పట్టుకుంటారు!

జీను పక్కన వేలాడేది అదే!

1971లో 'మోసగాళ్లకు మోసగాడు' కోసం కృష్ణ గుర్రమెక్కిన దగ్గర్నుంచీ కౌబాయ్ మనకు కొత్తవాడు కాదు. చిరంజీవి 'కొదమసింహం', మహేశ్‌బాబు 'టక్కరిదొంగ'... పిల్లలు చీపురుపుల్లను తుపాకీ చేసుకుని వీధుల్లో పరుగెత్తడానికి ఆ టోపీ, ఆ గుర్రం చాలు. ఈ సినిమాలకు మూలమైన హాలీవుడ్ వెస్టర్న్‌లలో హీరో నడుముకు పిస్తోలు ఉంటుంది. గుర్రం జీను పక్కన తోలు ఒరలో ఇంకో పొడుగాటి తుపాకీ ఉంటుంది. హీరో దాన్ని లాగి, కింద ఉన్న ఇనుప కడియాన్ని 'టక్... టక్'మని ఆడిస్తాడే- అదే లీవర్ తుపాకీ.

పని చేసే తీరు చూడముచ్చటగా ఉంటుంది. ట్రిగ్గర్ చుట్టూ ఉండే కడియం వెనక్కి సాగి, నాలుగు వేళ్లూ దూరేంత పిడిలా ఉంటుంది. దాన్ని కిందికి, ముందుకి తోస్తే కాలిపోయిన తూటా తొడుగు ఎగిరి బయటపడుతుంది. అదే కదలికతో సుత్తి వెనక్కి వాలి సిద్ధమవుతుంది. పెద్ద గొట్టం కింద ఓ సన్న గొట్టం, అందులో తూటాలు బారుగా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. లీవర్‌ని మళ్లీ పైకి లాగితే వాటిలోంచి ఒకటి పెద్ద గొట్టంలోకి ఎక్కుతుంది. అంతే, మళ్లీ పేల్చడానికి సిద్ధం. అంతకుముందు సిపాయి నిలబడి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో కూరి, మళ్లీ గురి చూసేవాడు. నిమిషానికి రెండు మూడుసార్లు పేల్చగలిగితే మొనగాడే. అలాంటి రోజుల్లో పదహారు తూటాలు నింపుకుని వరసపెట్టి పేల్చే తుపాకీ వచ్చిందంటే ఎంత సంచలనమో ఊహించుకోవచ్చు.

పిన్నీసు పెద్దాయన... చొక్కాల సేటు

ఈ తుపాకీ కథలో మొదటి మనిషి పేరు మనకు తెలియకపోయినా ఆయన కనిపెట్టిన వస్తువు లేని ఇల్లు లేదు. పేరు వాల్టర్ హంట్, ఊరు న్యూయార్క్. 1849లో పిన్నీసుకు పేటెంట్ తీసుకున్నాడు. కానీ చేతిలో డబ్బులు ఆడక ఆ హక్కుల్ని 400 డాలర్లకే అమ్మేసుకున్నాడు. అదే ఏడాది వరసగా పేలే తుపాకీ ఒకదానికీ పేటెంట్ తీసుకున్నాడు. అది పేలడం కన్నా మొరాయించడమే ఎక్కువ. లూయిస్ జెన్నింగ్స్ అనే ఆయన దాన్ని కాస్త సులువు చేశాడు. తర్వాత హొరేస్ స్మిత్, డేనియల్ వెసన్ చేతుల్లో పడి ఇంకాస్త బాగుపడింది. పిస్తోళ్లతో ప్రపంచ ప్రసిద్ధులైన 'స్మిత్ అండ్ వెసన్' వీళ్లే.

తుపాకీ బాగుపడింది గానీ కంపెనీ బాగుపడలేదు. నష్టాల్లో ఉన్న ఆ వ్యాపారంలోకి ఆలివర్ వించెస్టర్ అడుగుపెట్టాడు. ఆయనదేమన్నా తుపాకుల వంశమా? కాదు, న్యూ హేవెన్‌లో చొక్కాలు కుట్టించి అమ్మే సేటు! చొక్కా మెడ దగ్గర సరిగ్గా అమరేలా కుట్టే పద్ధతికి పేటెంటున్న మనిషి. 1857 నాటికి కంపెనీ ఆయన చేతికి వచ్చింది. ఆయన దగ్గర పనిచేసిన బెంజమిన్ టైలర్ హెన్రీ 1860లో తుపాకీకి సరైన రూపం ఇచ్చాడు. 'హెన్రీ రైఫిల్' అంటే అదే. పద్నాలుగు వేల దాకా తయారయ్యాయి. అందులో ఆరో నంబరు తుపాకీకి బంగారు హంగులు అద్ది, నగిషీలు చెక్కి అధ్యక్షుడు అబ్రహం లింకన్‌కు కానుకగా ఇచ్చారు. అది వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియానికి చేరింది.

హెన్రీకి రెండు చిక్కులుండేవి. తూటాల గొట్టం కింద సందు ఉండటంతో మట్టి చేరేది. ముందువైపు పట్టుకోవడానికి కర్ర లేకపోవడంతో నాలుగు రౌండ్లు పేల్చేసరికి చెయ్యి కాలేది. 1866లో ఆ రెండూ సరిచేశారు. నెల్సన్ కింగ్ అనే ఆయన తుపాకీ కుడిపక్క చిన్న తలుపు పెట్టి, తూటాల్ని అందులోంచి లోపలికి తోసే ఏర్పాటు చేశాడు. ఆ మోడల్‌కు శరీరం ఇత్తడి లాంటి పసుపు లోహం. అందుకే దానికి 'ఎల్లో బాయ్' అని ముద్దుపేరు. కంపెనీ పేరూ అప్పుడే వించెస్టర్‌గా మారింది. ఆ తర్వాత ఇనుప శరీరంతో 1873 మోడల్ వచ్చింది. ఏడు లక్షల ఇరవై వేల పైచిలుకు అమ్ముడైంది. మొదట్లో 50 డాలర్లున్న ధర 1882 నాటికి 25కి దిగింది. రైతు, పశువుల కాపరి, పోలీసు- ఎవరి చేతిలో చూసినా అదే.

తర్వాతి అంకం జాన్ బ్రౌనింగ్‌ది. యూటా రాష్ట్రంలో తుపాకులు బాగుచేసే ఇంట్లో పుట్టిన మేధావి. 1886, 1892, 1894, 1895 మోడళ్లు ఆయన బుర్రలోంచి వచ్చినవే. వీటిలో 1894 మోడల్ ఒక్కటే 70 లక్షలు దాటింది. 2006లో న్యూ హేవెన్ కర్మాగారం మూతపడేదాకా తయారవుతూనే ఉంది. మార్లిన్, శావేజ్, స్పెన్సర్ లాంటి కంపెనీలూ మంచి లీవర్ తుపాకులే చేశాయి. వాటికీ వీరాభిమానులున్నారు. కాకపోతే సేకరణ మార్కెట్‌లో పెద్దకొడుకు మాత్రం వించెస్టరే!

ఓ సినిమా చేసిన పని

మరి వాడి పారేసిన తుపాకుల్ని దాచుకోవాలన్న పిచ్చి ఎప్పుడు మొదలైంది? పెద్దవాళ్ల దగ్గర ముందునుంచీ ఉన్నా, ఊరూరా పాకించింది మాత్రం ఓ సినిమా. దాని పేరే 'వించెస్టర్ 73'.

1870ల్లో కంపెనీ ఓ పని చేసేది. తయారైన గొట్టాల్ని పరీక్షించేటప్పుడు మిగతావాటికంటే గురి బాగా కుదిరినవి కనిపిస్తే పక్కన పెట్టేది. వాటితో ప్రత్యేకంగా తుపాకులు చేసి, 'వెయ్యిలో ఒకటి' అని గొట్టం మీద చెక్కి వంద డాలర్లకు అమ్మేది. మామూలు దానికి రెట్టింపు ధర! 1873 మోడల్‌లో అలాంటివి 130 పైచిలుకు మాత్రమే తయారయ్యాయి. 1950లో జేమ్స్ స్టువర్ట్ హీరోగా ఆంథొనీ మాన్ తీసిన సినిమా కథంతా అలాంటి ఒక తుపాకీ చుట్టూనే తిరుగుతుంది. బహుమతిగా గెలిచిన తుపాకీ దొంగతనానికి గురై చేతులు మారుతూ పోతుంది.

సినిమా ప్రచారానికి యూనివర్సల్ సంస్థ ఓ కొత్త ఎత్తు వేసింది. 'వెయ్యిలో ఒకటి' తుపాకీ మీ ఇంట్లో ఉందా అంటూ దేశమంతా పోస్టర్లు, ప్రకటనలు! జనం అటకలు వెతికారు, తలుపు వెనక మూలలు చూశారు, తాతల పెట్టెలు తీశారు. అప్పటిదాకా ఎవరికీ తెలియని 'వెయ్యిలో ఒకట్లు' కొన్ని నిజంగానే బయటపడ్డాయి. దానికన్నా పెద్ద మార్పు ఇంకొకటి వచ్చింది. పందికొక్కుల్ని తోలడానికి తప్ప దేనికీ పనికిరాదనుకున్న తాతగారి తుపాకీకి ఓ చరిత్ర ఉండొచ్చన్న సంగతి జనానికి అర్థమైంది.

తుడిచారో... పోయింది!

ఇక తుప్పు దగ్గరకి వద్దాం. ఉక్కు తుప్పు పట్టకుండా కర్మాగారంలో రసాయనాలతో దానికి నీలి-నలుపు రంగు తెస్తారు. శరీర భాగానికైతే కొన్ని మోడళ్లలో మరో పద్ధతిలో కాల్చి, నెమలి ఈకలో కనిపించేలాంటి రంగుల సుడులు తెప్పించేవారు. వందేళ్లు పోయాక ఆ మొదటి రంగు ఎంత మిగిలిందన్నదే ధర నిర్ణయించే మొదటి లెక్క. సేకర్తల మాటల్లో 'నలభై శాతం నీలం', 'డెబ్భై శాతం నీలం' అని వినిపిస్తాయి. పెళ్లిచూపుల్లో జీతం అడిగినట్టు తుపాకీని చూడగానే ముందు అడిగేది అదే.

రంగు మొత్తం పోయి గోధుమ రంగుకు తిరిగినా ఫర్వాలేదు. ఆ గోధుమ రంగు దానంతటది వచ్చింది కాబట్టి దానికీ విలువుంది. గుర్రం జీను మీద అడ్డంగా పెట్టుకుని ఏళ్ల తరబడి తిరిగితే మధ్యభాగంలో కర్ర నున్నగా అరిగి గుంటపడుతుంది. దాన్ని జీను అరుగుదల అంటారు. ఆ గుంటను వేలితో తడిమి మురిసిపోయేవాళ్లున్నారు. మూలలు పదునుగా ఉన్నాయా, అక్షరాల అంచులు స్పష్టంగా ఉన్నాయా, కర్ర ఇనుముతో సమానంగా ఉందా లేక కాస్త దిగిపోయిందా... ఇవన్నీ భూతద్దంలో చూస్తారు. ఎందుకంటే గరుకు కాగితం పెట్టి రుద్దితే ఇవే ముందు పోతాయి. కర్ర ఇనుము కంటే లోతుగా ఉందంటే ఎవరో రుద్దారన్నట్టే.

అందుకే పాత తుపాకుల బేరంలో అత్యంత విషాదమైన దృశ్యం ఒకటుంది. తాత పోయాక ఆయన తుపాకీని మనవడు వేలానికి తెస్తాడు. తెచ్చేముందు, బాగుంటుంది కదా అని తీగపీచుతో రుద్ది, కొత్త రంగు పట్టించి, కర్రకు వార్నిష్ వేస్తాడు. చూడ్డానికి కొత్త పెళ్లికొడుకులా ఉంటుంది. కొనేవాడు మాత్రం నిట్టూర్చి పక్క బల్లకు పోతాడు. వందేళ్లు నిలిచింది ఆదివారం పూట ఒక్క గంటలో పోతుంది!

ఈ బేరాలు సాగే చోట్లలో ఓక్లహోమాలోని టల్సా పెద్దది. ఏడాదికి రెండుసార్లు, ఒకే కప్పు కింద 11 ఎకరాల్లో, నాలుగు వేలకు పైగా బల్లలతో సంత జరుగుతుంది. మన అంగళ్లలో ఎద్దు పళ్లు చూసినట్టే అక్కడ తుపాకీ లోపలి భాగాలకు టార్చిలైటు కొట్టి చూస్తారు.

చిట్టా ఏం చెబుతుంది?

'ఈ తుపాకీ ఫలానా బందిపోటుది' అని అమ్మేవాడు చెప్పొచ్చు. మాటకేం, ఎన్నైనా చెప్పొచ్చు. రుజువు కావాలంటే మళ్లీ కోడీ పట్టణానికే వెళ్లాలి. వించెస్టర్ కర్మాగారం నాటి చేతిరాత చిట్టాలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. తుపాకీ నంబరు చెప్పి ఫీజు కడితే ఆ చిట్టాలో ఉన్నది రాసి ఓ ఉత్తరం ఇస్తారు. గొట్టం గుండ్రమా, ఎనిమిది పలకలా, ట్రిగ్గర్ మామూలుదా, ప్రత్యేకమైందా, గొడౌనుకు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు బయటికెళ్లింది... అందులో ఉంటాయి. చిట్టాలో గుండ్రని గొట్టం అని ఉండి చేతిలో ఉన్నదానికి పలకల గొట్టం ఉందంటే, మధ్యలో ఎవరో మార్చారని అర్థం. ఈ ఒక్క కాగితంతో కొన్ని తుపాకుల ధర ఎగిరి గంతేస్తుంది, కొన్నిటిది కుదేలవుతుంది.

చిట్టాలకూ హద్దుంది. అన్ని మోడళ్ల లెక్కలూ మిగల్లేదు. 1894 మోడల్‌కైతే మొదటి మూడున్నర లక్షల తుపాకులకే వివరాలున్నాయి. పైగా, ఎవరు కొన్నారన్న సంగతి వాటిలో సాధారణంగా ఉండదు. నెవాడా చెట్టు కింద దొరికిన తుపాకీ విషయంలోనూ అదే జరిగింది. 1882లో కర్మాగారం దాటిందని తెలిసింది, ఎవరి చేతికి వెళ్లిందో తెలియలేదు.

అంకెల గొడవ చట్టం దాకా పోతుంది. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం 1898లో గానీ అంతకుముందు గానీ తయారైంది పురాతన వస్తువు. కేంద్రం దృష్టిలో అది తుపాకీ కాదు! లైసెన్సున్న డీలరు, నేరచరిత్ర తనిఖీ లాంటివి అక్కర్లేదు. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉండొచ్చు. మర్నాడు, అంటే 1899 జనవరి 1న తయారైన తుపాకీకి మాత్రం నిబంధనలన్నీ వర్తిస్తాయి. ఒక్క రోజు తేడాతో రెండు లోకాలు.

మరి 1894 మోడల్‌లో ఏ నంబరు దాకా 1898 కింద లెక్క? జార్జ్ మాడిస్ అనే రచయిత తన పుస్తకంలో ఇచ్చిన పట్టికను సేకర్తలు ఏళ్ల తరబడి ప్రామాణికంగా భావించారు. దాని ప్రకారం దాదాపు 54 వేల నంబరు దాకానే. కర్మాగారంలో శరీర భాగానికి నంబరు కొట్టిన మెరుగుపెట్టే గది రికార్డులు చూస్తే 1898 చివరికి నంబరు లక్షా 47 వేలు దాటింది! అంటే తొంభై వేలకు పైగా తుపాకులు ఒక పట్టిక ప్రకారం మామూలు తుపాకులు, ఇంకో దాని ప్రకారం పురాతన వస్తువులు. సేకర్తలు క్రమంగా కర్మాగారం రికార్డువైపే మొగ్గారు.

మన దేశంలో లెక్క పూర్తిగా వేరు. 1959 నాటి ఆయుధాల చట్టం కూడా పురాతన తుపాకులకు మినహాయింపు ఇస్తుంది. కానీ అది మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉండాలి. పేలే అవకాశం ఉంటే ఎంత పాతదైనా లైసెన్సు తప్పదు. 2019 సవరణ తర్వాత లైసెన్సు ఉన్నా ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. కాబట్టి అమెరికాలో ఉంటున్న మనవాళ్లెవరైనా ముచ్చటపడి కొన్నా, ఊరికి తెచ్చి హాల్లో గోడకు తగిలిద్దామంటే కుదిరే పని కాదు.

ఇత్తడి మేకుల మాయ

డబ్బున్న చోట దొంగ ఉంటాడు. పాతకాలంలో అమెరికా ఆదివాసీలు తమ తుపాకుల కర్రకు ఇత్తడి మేకులు కొట్టి అలంకరించుకునేవారు. అలాంటి తుపాకులకు గిరాకీ ఎక్కువ. ఇంకేముంది, మామూలు తుపాకీకి నాలుగు డజన్ల మేకులు కొట్టి, కర్రను టీ నీళ్లలాంటి రంగుకు తెచ్చి అమ్మేవాళ్లు పుట్టుకొచ్చారు. నిజమైన దాంట్లో మేకు చుట్టూ కర్ర నల్లబడి ఉంటుంది. కొన్ని మేకులు ఊడి చిల్లులు మిగులుతాయి. ఆ చిల్లుల అంచులూ అరుగుతాయి. నకిలీలో అన్నీ క్రమంగా, ముచ్చటగా ఉంటాయి. మరీ అందంగా ఉందంటే అనుమానించాల్సిందేనని అనుభవజ్ఞులు చెబుతారు.

సాదా తుపాకీ మీద తర్వాతెప్పుడో నగిషీ చెక్కడం, నంబర్లు చెరిపి కొట్టడం, రెండు మూడు తుపాకుల భాగాలు కలిపి ఒకటి చేయడం... ఇవి ఇంకా లోతైన మోసాలు. 'వెయ్యిలో ఒకటి' అన్న అక్షరాలకే వేలకు వేలు పలుకుతున్నప్పుడు వాటిని చెక్కడానికి ప్రలోభం ఉండదా మరి! సినిమా ప్రచారం నిజమైనవాటిని బయటికి లాగినట్టే దొంగవాటికీ దారి చూపింది.

కంపెనీ తనంతట తాను 'సేకరించండి' అని చేసిన తుపాకుల కథ ఇంకో తమాషా. శతజయంతి అనీ, బఫెలో బిల్ అనీ, జాన్ వేన్ అనీ 1960ల నుంచి స్మారక తుపాకులు విడుదల చేసింది. మెరిసే పూత, పతకం, అందమైన పెట్టె. భవిష్యత్తులో పిల్లల చదువుకు పనికొస్తుందని ఎంతోమంది పెట్టె విప్పకుండా దాచారు. కానీ శతజయంతి, బఫెలో బిల్ తుపాకులు ఒక్కోటీ లక్షకు పైగా తయారయ్యాయి. అందరూ దాచితే అరుదెక్కడుంటుంది? వాటి ధరలు ఆశించినంత కదల్లేదు. ఎవరూ దాచాలనుకోకుండా వాడి, పడేసి, మర్చిపోయిన తుపాకులకేమో లక్షలు. 1964లో వించెస్టర్ ఖర్చు తగ్గించుకోవడానికి తయారీ పద్ధతి మార్చింది. దాంతో అంతకుముందు చేసిన సాదాసీదా 1894 మోడళ్లకూ గిరాకీ పుట్టింది.

ఎవరి కథ?

ఇంతకీ కొనేవాళ్లు కొంటున్నది ఇనుమునా, కథనా? కథనే అనుకుంటే, కథలు చెప్పడంలో వించెస్టర్‌ది అందెవేసిన చెయ్యి. ఆ ఇంటి కోడలు శారా వించెస్టర్ సంగతే చూడండి. భర్త పోయాక కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఓ ఇల్లు మొదలుపెట్టి ఏళ్ల తరబడి కట్టిస్తూ పోయింది. దాదాపు 160 గదులు! వించెస్టర్ తూటాలకు బలైనవారి ఆత్మలు వెంటాడుతుంటే వాటిని ఏమార్చడానికి కట్టిందని లోకం చెప్పుకుంటుంది. ఆమె ఎప్పుడైనా అలా అన్నట్టు రుజువు మాత్రం లేదు. అయినా టికెట్లు తెగుతూనే ఉన్నాయి.

'పశ్చిమాన్ని గెలిచిన తుపాకీ' అన్నది కంపెనీ ప్రచారంలో బాగా నలిగిన మాట. తెల్లవాళ్లు ఈ తుపాకీతో ఖండం పడమటి భాగాన్ని గెలుచుకున్నారని దాని అర్థం. నేల అడుగున దొరికిన సాక్ష్యం మాత్రం ఇంకోలా ఉంది. 1876 జూన్‌లో మొంటానా ప్రాంతంలో లిటిల్ బిగ్‌హార్న్ నది ఒడ్డున లకోటా, షయెన్ యోధులు కస్టర్ నాయకత్వంలోని సైనిక దళాన్ని తుడిచిపెట్టేశారు. 1983లో అక్కడి గడ్డి అంటుకుని నేల బయటపడింది. మరుసటి ఏడాది నుంచి పురావస్తు శాస్త్రవేత్తలు లోహాల్ని పసిగట్టే పరికరాలతో అడుగడుగూ గాలించారు. కాలిన తూటా తొడుగుల మీద ఒక్కో తుపాకీ వదిలిన గుర్తుల్ని, నేరస్థలంలో పోలీసులు చూసినట్టు సూక్ష్మదర్శినిలో పోల్చారు. అప్పుడు తేలింది. సైనికుల చేతుల్లో ఉన్నవి ఒక్కసారికి ఒక్క తూటా పెట్టి పేల్చే స్ప్రింగ్‌ఫీల్డ్ కార్బైన్లు. హెన్రీలు, వించెస్టర్లు ఉన్నది ఎక్కువగా ఆదివాసీల చేతుల్లో!

వేలంపాటలో మాత్రం గెలిచినవాడి కథకే పై ధర. 2016లో ఇల్లినాయిస్‌లోని రాక్ ఐలాండ్ వేలం సంస్థ 1886 మోడల్‌లో ఒకటో నంబరు తుపాకీని అమ్మింది. ధర 12 లక్షల 65 వేల డాలర్లు. అప్పటి లెక్కలో ఎనిమిది కోట్ల రూపాయలకు పైమాటే. ఒకటో నంబరు కావడం, దాదాపు కొత్తదానిలా ఉండటం ఒక కారణం. ఇంకో కారణం అది అందుకున్న మనిషి. అపాచీ నాయకుడు జెరోనిమోను కొండల్లో వెంటాడిన దళానికి నాయకుడైన కెప్టెన్ హెన్రీ లాటన్‌కు, ఆ విజయానికి గుర్తుగా స్నేహితుడు ఇచ్చిన కానుక అది. 1886 సెప్టెంబరులో లొంగిపోయిన జెరోనిమో మళ్లీ స్వేచ్ఛగా బతకలేదు. ఫ్లోరిడా, అలబామా, ఓక్లహోమాల్లో యుద్ధఖైదీగానే గడిపి 1909లో కన్నుమూశాడు. ఆ వేలంలో ధరతోపాటు వినిపించింది లాటన్ పేరే.

లిటిల్ బిగ్‌హార్న్ నాటి లకోటా పెద్ద సిటింగ్ బుల్. తర్వాత కెనడాకు వలసపోయి, తినడానికి తిండి లేక 1881 జులైలో తిరిగొచ్చి ఫోర్ట్ బ్యూఫోర్డ్‌లో లొంగిపోయాడు. తన వించెస్టర్‌ని తన చేత్తో సైన్యానికి అప్పగించలేదు. పక్కనే ఉన్న చిన్న కొడుకు క్రో ఫుట్ చేతికిచ్చి, సైనికాధికారికి ఇమ్మన్నాడు. పిల్లాడు తీసుకెళ్లి ఇచ్చాడు. అది 1866 మోడల్. స్మిత్‌సోనియన్‌కు చేరింది, వేలానికి రాదు.